ఆదుకున్న యూనియన్ ఒకటి, రమ్మంటున్న యూనియన్ ఇంకొకటి

ఈ వారం టెక్సాస్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తన పేరూ, ఉద్యోగం చేసే కంపెనీ పేరూ బయటపెట్టొద్దని రాసినావిడ కోరారు. ఆనవాలు పట్టే వివరాలు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆమెది గోదావరిఖని. నాన్న సింగరేణి భూగర్భ గనుల్లో పనిచేసి రిటైరయ్యారు. ఆమె అమెరికాలో ఒక విమాన సంస్థలో ఆరేళ్లుగా ఫస్ట్ ఆఫీసర్, అంటే కో పైలట్. ఆ సంస్థలో పైలట్లకు సొంత యూనియన్ ఉంది. అక్కడి పైలట్లే కట్టుకున్నది, ఆ ఒక్క కంపెనీకే పరిమితం. దాన్ని పక్కన పెట్టి, దేశమంతటా ఉన్న ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్‌ను, అంటే ఆల్పాను, తెచ్చుకుందామని కొందరు పైలట్ల సంతకాలతో కార్డులు సేకరిస్తున్నారు.

మూడేళ్ల కిందట ఈమెకు గర్భం నిలవలేదు. ఆ తర్వాత డిప్రెషన్. మందులు మొదలుపెట్టగానే విమానం నడపడం ఆగిపోయింది. అప్పుడు యూనియన్ మెడికల్ కమిటీలో ఉన్న ఒక కెప్టెన్ ఈమె వెంట నిలబడ్డారు. ఏ డాక్టర్‌ను కలవాలో, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏకి ఏ కాగితం ఎప్పుడు పంపాలో, జీతం రాని నెలల్లో డిసెబిలిటీ బీమా ఎలా అందుకోవాలో అన్నీ దగ్గరుండి చూశారు. అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తారు. ఈమె మళ్లీ కాక్‌పిట్‌లో కూర్చున్నారు.

ఇప్పుడు సొంత యూనియన్‌ను నిలబెట్టే ప్రచారానికి ఆ కెప్టెనే ముందున్నారు. "నీకు జరిగింది నువ్వే కెమెరా ముందు రెండు నిమిషాలు చెప్పు, మా మాటలకంటే అదే పనిచేస్తుంది" అని అడిగారు. ట్రైనింగ్ రోజుల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలేమో ఆల్పా కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. ఈమె వివరాలన్నీ నింపి సంతకం దగ్గర ఆగిపోయారు. కంపెనీ వేరే కంపెనీతో కలుస్తుందని ఒక పుకారు నడుస్తోంది. సీనియారిటీ జాబితాలో కింది సగంలో ఉన్న తనకు ఏమవుతుందోనన్న భయం ఒకటి. "చందా పెరగడం తప్ప మనకొచ్చేది ఏముంది, నువ్వు తలదూర్చకు" అని భర్త. "కష్టంలో నిలబడ్డ జెండాను వదిలిపెడతవా బిడ్డా" అని ఫోన్లో నాన్న. క్రూ రూమ్‌లో ఇరువర్గాలూ ఒకరినొకరు ద్రోహులనుకుంటున్నారు. కిందటి నెల నాలుగు రోజుల ట్రిప్పులో పక్క సీటు కెప్టెన్ ఈ గొడవ ఎత్తితే, ఈమె ఏమీ అనలేదు. ఆ మౌనానికే ఆయన మిగతా రోజులు ముక్తసరిగా ఉన్నారట.

"సంతకం పెడితే ఆయనకు ద్రోహం చేసినట్టా? పెట్టకపోతే నా స్నేహితురాలి ముందు పిరికిదాన్నా? కంపెనీకి తెలిసిపోతుందా? ఇప్పుడున్న కాంట్రాక్టు పోతుందా? ఏం చేయమంటారో ఒక్క మాట చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

ఒక్క మాటలో చెప్పలేను. కానీ మీరు ఒకే ముడి అనుకుంటున్నది నిజానికి మూడు నాలుగు ముళ్లు. విడివిడిగా చూస్తే వాటిలో ఒకటి వెంటనే విప్పేయొచ్చు. వీడియో సంగతి.

వద్దని చెప్పండి. మీరు ఏ యూనియన్ వైపు మొగ్గినా ఈ విషయంలో నా మాట మారదు. ఆ గర్భం, ఆ తర్వాతి నెలలు, ఆ మందులు మీ సొంతం. ఎన్నిక ఒక సీజన్‌లో అయిపోతుంది, వీడియో ఉండిపోతుంది. రేపు మీరు కెప్టెన్ అయ్యాక మీ పక్కన కూర్చునే కుర్ర ఫస్ట్ ఆఫీసర్ మీ పేరు వినగానే ముందు దాన్నే గుర్తు చేసుకోవచ్చు. మీకది సమ్మతమైతే, ఎన్నికలతో సంబంధం లేని మరో రోజున, మరో మహిళా పైలట్‌కు ధైర్యం చెప్పడానికి చెప్పండి. చెప్పాల్సిన విషయమే అది. కొన్ని రకాల డిప్రెషన్ మందులు వాడుతూ కూడా ప్రత్యేక అనుమతితో విమానం నడపొచ్చని ఎఫ్‌ఏఏ 2010లోనే ఒప్పుకుంది. అయినా దాచుకుని, వైద్యం మానుకుని ఎగిరేవాళ్లు ఇంకా ఉన్నారు. మీ అనుభవం వాళ్లకు పనికొస్తుంది, ఓట్ల కోసం వాడాల్సింది మాత్రం కాదు. ఆ కెప్టెన్ చెడ్డ ఉద్దేశంతో అడిగారని నేననను. గెలవాలన్న ఆత్రంలో, తాను కాపాడిన రహస్యాన్నే బయటపెట్టమంటున్నానని ఆయనకు తట్టి ఉండదు.

ఇక కృతజ్ఞత. మీకు సాయం చేసింది మనిషా, యూనియనా? రెండూ. ఆయన మంచితనం ఆయనది. ఆయనకు ఆ పని చేసే వీలూ, సెలవూ, డాక్టర్ల పరిచయాలూ ఇచ్చింది యూనియన్. ఆల్పాలోకి మారితే అలాంటి మనుషులు మాయమైపోరు. ఆల్పాకు సొంత వైద్య సలహా విభాగం ఉంది. ప్రతి కంపెనీలోనూ అక్కడి పైలట్లే ఎన్నుకునే ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, దాని కింద కమిటీలు ఉంటాయి. వాటిలో కూర్చునేది ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కాదు, మీతో ఎగిరేవాళ్లే. ఆయన కావాలనుకుంటే అక్కడా ఇదే పని చేయగలరు. మరోపక్క, వేలమంది ఉన్న సంఘంలో అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మనిషి దొరుకుతారని ఎవరూ రాసివ్వలేరు. చిన్న యూనియన్ల బలం అక్కడే ఉంది, దాన్ని తక్కువ చేసి చూడొద్దు. కానీ ఆయన రుణం తీర్చుకోవడానికి మీ దగ్గర వేరే దారులున్నాయి. ఓటు వాటిలో ఒకటి కావాల్సిన పనిలేదు. మీలాగే మెడికల్ సర్టిఫికెట్ పోగొట్టుకుని విమానానికి దూరమైన మరొకరికి అదే కమిటీలో మీరు తోడుండటం ఆయనకు చేయగల పెద్ద మర్యాద అనుకుంటాను.

నాన్నగారి మాట దగ్గర నేను కాసేపు ఆగాను. ఆయన చూసిన లోకం వేరు. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. అక్కడ ఓడినవాడికీ కొంత చోటుంది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గుర్తింపు సంఘమైంది. ఐఎన్‌టీయూసీ తాను గెలిచిన ఏరియాల్లో ప్రాతినిధ్య సంఘంగా నిలిచింది. గెలవని జెండాలు కూడా గని గేటు ముందు ఎగురుతూనే ఉంటాయి. ఒక కార్మికుడు జీవితాంతం ఓడే సంఘంలోనే ఉన్నా అతని జెండా అతనికి మిగులుతుంది. అందుకే ఆయనకు జెండా వదలడం అంటే అంత నొప్పి.

అమెరికాలో మీ చట్టం అలా కాదు. 1926లో రైల్వేల కోసం వచ్చిన రైల్వే లేబర్ యాక్ట్‌ను 1936లో విమాన సంస్థలకూ వర్తింపజేశారు. దాని ప్రకారం ఒక కంపెనీలోని పైలట్లందరూ ఒక్క వర్గం, దేశమంతటా కలిపి. వాళ్లకు బేరమాడే యూనియన్ ఒక్కటే. పైలట్లు డ్యూటీ మొదలుపెట్టే ఊరిని బేస్ అంటారు కదా, డల్లాస్ బేస్‌కు ఒకటి, షికాగో బేస్‌కు ఒకటి కుదరదు. ఓడిన సంఘానికి ఆ కంపెనీలో చట్టపరంగా ఏమీ మిగలదు. ద్రోహం అన్న మాట అంత తేలిగ్గా నోట్లోంచి రావడానికి కారణం అదే. ఎదుటివాళ్లు గెలిస్తే తమ ఇరవై ఏళ్ల పని తుడిచిపెట్టుకుపోతుందని మీ కెప్టెన్ లాంటివాళ్లకు అనిపిస్తుంది. ఈ తేడా నాన్నగారికి వివరంగా చెప్పండి. గనిలో ఎన్నికలు చూసిన మనిషికి ఇది అర్థం కాకపోదు.

కార్డు విషయానికొస్తే, అది ఓటు కాదు. ఎన్నిక జరపమని అడిగే కాగితం. ఇప్పటికే యూనియన్ ఉన్నచోట దాన్ని మార్చాలంటే, కనీసం సగం మంది పైలట్ల కార్డులతో, ఈ ఎన్నికలు జరిపే ప్రభుత్వ సంస్థ నేషనల్ మీడియేషన్ బోర్డుకు దరఖాస్తు చేయాలి. సంతకం, తేదీ రెండూ ఉండాలి, సంతకం చేసి ఏడాది దాటిన కార్డు చెల్లదు. బోర్డు ఆ కార్డులను కంపెనీకి చూపించదు. మీ స్నేహితురాలికి, సేకరించే వాళ్లకు మాత్రం మీరు సంతకం పెట్టారని తెలుస్తుంది కదా. కాబట్టి యాజమాన్యం నుంచి గోప్యత ఉంటుంది, తోటివాళ్ల నుంచి ఉంటుందన్న హామీ లేదు. యాజమాన్యం ఏ పక్షానికీ కొమ్ముకాయకూడదని చట్టం. ఎన్నిక వస్తే ఓటు ఫోన్లోనో ఇంటర్నెట్లోనో వేస్తారు, అది పూర్తిగా రహస్యం. పాత యూనియన్, కొత్త యూనియన్, అసలు ఏ యూనియనూ వద్దు అన్న మూడు దారులూ అందులో ఉంటాయి. పోలైన ఓట్లలో మెజారిటీ ఎవరికొస్తే వాళ్లదే. గెలిచిన యూనియన్‌ను బోర్డు ఒకసారి సర్టిఫై చేశాక రెండేళ్ల దాకా మళ్లీ కదపడం దాదాపు అసాధ్యం. సంతకం పెట్టి, ప్రచారమంతా విని, చివరికి పాత యూనియన్‌కే ఓటేసినవాళ్లు ఉంటారు. అది మోసం కాదు.

కాంట్రాక్టు పోదు. యూనియన్ మారినా అమల్లో ఉన్న ఒప్పందం కొత్త యూనియన్ చేతికి వస్తుంది. మీ చట్టం కింద విమాన ఒప్పందాలకు గడువు తీరిపోవడం అంటూ లేదు, ఫలానా తేదీ తర్వాత సవరించుకోవచ్చు అని మాత్రమే ఉంటుంది. కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. నిజమైన నష్టం వేరేచోట ఉండొచ్చు. బేరసారాలు సగంలో ఉండగా యూనియన్ మారితే కొత్త బృందం లెక్కలు నేర్చుకోవడానికి, మళ్లీ సర్వేలు చేయడానికి నెలలు పడతాయి. మీ దగ్గర చర్చలు ఏ దశలో ఉన్నాయో మీరు రాయలేదు. ముందు అది కనుక్కోండి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి దాటేశారు గానీ, మీ నిర్ణయం తేలాల్సింది అక్కడే: సీనియారిటీ. పైలట్‌కు ఏ విమానం, ఏ బేస్, ఏ సెలవులు, ఎప్పుడు కెప్టెన్ అవుతారు, కష్టకాలంలో ఎవరు ముందు ఇంటికెళ్తారు, ఇవన్నీ ఆ ఒక్క సంఖ్య మీద నడుస్తాయి. కంపెనీ మారితే మళ్లీ అట్టడుగు నుంచే. రెండు కంపెనీలు కలిస్తే రెండు జాబితాలు కలపాలి, అక్కడ ఒకరు పైకెళ్తే మరొకరు దిగుతారు. యూనియన్ అనేది ఆ రోజున ఏం చేస్తుందో చూడాలి. దానికి రెండు చరిత్రలు చెబుతాను, మీ రెండు వర్గాలవాళ్లూ తమకు నచ్చింది ఒక్కటే చెబుతుంటారు కాబట్టి.

2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ అనే విమాన సంస్థలు కలిశాయి. రెండుచోట్లా పైలట్లకు ఆల్పాయే. పాత యూఎస్ ఎయిర్‌వేస్ వాళ్లను ఈస్ట్ అన్నారు, అమెరికా వెస్ట్ వాళ్లను వెస్ట్ అన్నారు. ఈస్ట్ వాళ్లు సంఖ్యలో చాలా ఎక్కువ, సర్వీసు కూడా ఎక్కువ, కానీ దివాలాల వల్ల వాళ్లలో వందలమంది లే ఆఫ్‌లో ఉన్నారు. జాబితా తేలక మధ్యవర్తి జార్జ్ నికొలావు దగ్గరికి వెళ్లింది. ఆయన 2007లో తీర్పిచ్చారు. ఏళ్ల తరబడి సర్వీసుండి లే ఆఫ్‌లో ఉన్న ఈస్ట్ పైలట్లు, కొత్తగా చేరినా ఎగురుతూ ఉన్న వెస్ట్ పైలట్ల కింద పడ్డారు. ఈస్ట్ వాళ్లకు కడుపు మండింది. మండడంలో ఆశ్చర్యం లేదు. వాళ్లు ఏం చేశారంటే, ఉద్యోగంలో చేరిన తేదీయే ప్రాతిపదిక అని నియమావళిలో రాసుకున్న కొత్త సొంత యూనియన్ యూసాపాను పెట్టి, 2008లో కొన్ని వందల ఓట్ల తేడాతో ఆల్పాను బయటికి పంపారు. మెజారిటీ ఉంది, గెలిచారు.

గెలిచాక ఏమైంది? వెస్ట్ పైలట్లు కోర్టుకెళ్లారు. కేసు గెలుస్తూ ఓడుతూ సాగింది. ఉమ్మడి కాంట్రాక్టు కుదరలేదు, ఈస్ట్ వాళ్లు దివాలా కాలం నాటి జీతాలతోనే ఏళ్లకేళ్లు ఎగిరారు. 2013లో ఆ కంపెనీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది, 2014లో యూసాపా స్థానంలోకి అమెరికన్ పైలట్ల సొంత సంఘం ఏపీఏ వచ్చింది. ఆ మరుసటేడాది, వెస్ట్ వాళ్లకు న్యాయంగా ప్రాతినిధ్యం వహించే బాధ్యతను యూసాపా నెరవేర్చలేదని అప్పీల్స్ కోర్టు తేల్చింది. మధ్యవర్తుల బృందం మొత్తం జాబితాను 2016లో ముగించింది. పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో కెప్టెన్ కాకుండానే రిటైరైనవాళ్ల గురించి తలచుకుంటే నాకు బాధేస్తుంది. ఒకే ఒక్క కోపం మీద పుట్టిన యూనియన్, ఆ కోపం తప్ప మరేదీ నడపలేకపోయింది.

ఆల్పా కోరేవాళ్లు ఈ కథ చెబుతారు. టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థ కథ అంతగా చెప్పరు. 2001లో టీడబ్ల్యూఏను అమెరికన్ కొనుక్కుంది. టీడబ్ల్యూఏ పైలట్లకు ఆల్పా, అమెరికన్‌కు ఏపీఏ. అమెరికన్ పైలట్లు 1963లోనే ఆల్పా నుంచి విడిపోయి ఏపీఏ పెట్టుకున్నారు. జాబితా కలిపినప్పుడు టీడబ్ల్యూఏ వాళ్లలో చాలామంది అట్టడుగుకు పోయారు, ఆ తర్వాతి లే ఆఫ్‌లలో ముందు వాళ్లే రోడ్డున పడ్డారు. తమకోసం ఆల్పా గట్టిగా కొట్లాడలేదని, అమెరికన్ పైలట్లను తిరిగి తనలో చేర్చుకోవాలన్న ఆశతో వెనక్కి తగ్గిందని వాళ్లు కేసు వేశారు. 2011లో జ్యూరీ వాళ్ల పక్షాన నిలిచింది. 2014లో ఆల్పా 5 కోట్ల 30 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. పెద్ద సంఘానికి చాలామంది సభ్యులు, చాలా ఆశలు. ఒక్కోసారి వాటి మధ్య మీరు చిన్నవాళ్లయిపోతారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. మీరు ఇవాళ మెజారిటీలో ఉన్నారా అన్నది కాదు, రేపు మైనారిటీ అయిన రోజున మీ మాట ఎక్కడ వింటారన్నది అడగాలి. జాబితాలో కింది సగంలో ఉన్న మహిళా పైలట్‌కు ఆ రోజు ఎప్పుడో రావచ్చు. మీ సొంత యూనియన్ నియమావళి తెరిచి చూడండి. విలీనం గురించి అందులో ఏం రాసి ఉంది? మధ్యవర్తిత్వం ఉందా, లేక యూనియన్ బోర్డు మెజారిటీ ఏమంటే అదేనా? జూనియర్ల ప్రతినిధి ఎవరైనా ఆ గదిలో కూర్చుంటారా? ఇవే ప్రశ్నలు ఆల్పా వాళ్లనూ అడగండి. వాళ్ల విలీన విధానంలో సర్వీసు కాలం, ఉద్యోగ స్థాయి, భవిష్యత్తు మీద పెట్టుకున్న అంచనాలు చూడాలని ఉంది. చర్చలతో తేలకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్తుంది.

ఇక్కడ మీరు తప్పక తెలుసుకోవాల్సిన చట్టం ఒకటుంది. టీడబ్ల్యూఏ గాయం నుంచే 2007లో మెకాస్కిల్ బాండ్ సవరణ వచ్చింది. రెండు కంపెనీలు కలిస్తే జాబితాలు న్యాయంగా, సమానంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తిత్వం. ఏ యూనియన్‌లో ఉన్నా ఈ రక్షణ ఉంది. ఒక మినహాయింపు మాత్రం ఉంది: రెండు కంపెనీల్లోనూ ఒకే యూనియన్ ఉంటే, ఈ చట్టం బదులు ఆ యూనియన్ సొంత విలీన విధానమే నడుస్తుంది. కాబట్టి పుకారులో ఉన్న రెండో కంపెనీ పైలట్లకు ఎవరున్నారో ముందు కనుక్కోండి. అక్కడ ఆల్పా ఉంటే, మీరూ ఆల్పాలోకి వస్తే, మీ సంఖ్యను నిర్ణయించేది ఆల్పా విధానం. మీరు రాకపోతే, చట్టంలోని పద్ధతి. ఆ కంపెనీ మీకంటే పెద్దదైతే మరో సంగతి కూడా ఉంది: విలీనం పూర్తయ్యాక ఎలాగూ ఒక్క యూనియనే మిగలాలి, సంఖ్య ఎక్కువున్నవాళ్లదే పైచేయి అవుతుంది. అప్పుడు ఇవాళ్టి గొడవంతా రెండేళ్ల ముచ్చట. మీ క్రూ రూమ్‌లో ఇంత అరుపుల మధ్య ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగారా అని నాకు అనుమానం.

చందా గురించి మీవారికి చెప్పాల్సింది కొద్దిగానే ఉంది. ఆల్పా చందా జీతంలో రెండు శాతానికి కాస్త లోపు. మీ యూనియన్‌ది తక్కువే ఉండొచ్చు. ఏడాదికి రెండు లక్షల డాలర్ల జీతం మీద అర శాతం తేడా అంటే వెయ్యి డాలర్లు. చిన్నదేం కాదు. కానీ కెప్టెన్‌గా ఏడాది ముందు ఎక్కడమో, ఏడాది వెనక్కి పోవడమో దానికి ఎన్నో రెట్లు. తలదూర్చకుండా ఉండటం ఆయన అనుకున్నంత సులువు కూడా కాదు. టెక్సాస్‌లో మామూలు ఉద్యోగులు యూనియన్‌కు రుసుము కట్టకుండా ఉండొచ్చు, విమాన సంస్థలకు మాత్రం ఆ రాష్ట్ర చట్టం వర్తించదు. సభ్యులు కానివాళ్ల నుంచీ రుసుము తీసుకునే వెసులుబాటు 1951 నుంచి రైల్వే లేబర్ యాక్ట్‌లోనే యూనియన్లకు ఉంది. మీ ఒప్పందంలో ఆ నిబంధన ఉంటే, మీరు సభ్యురాలు కాకపోయినా కట్టాలి. డబ్బు కడుతూ, ఒప్పందం మీద ఓటు లేకుండా ఉండటంలో నాకు తెలివి కనబడదు.

మీ ముందు ఏ దారులున్నాయి? సంతకం పెట్టడం ఒకటి. ఎన్నిక జరగాలి, అందరూ తేల్చుకోవాలి అన్నది మీ నమ్మకమైతే దానికి సిగ్గుపడనక్కర్లేదు. దాని వెంట వచ్చేది: స్నేహితురాలి వర్గం మిమ్మల్ని తమ మనిషిగా లెక్కేసుకుంటుంది, మీ కెప్టెన్‌కు ఎప్పుడో తెలుస్తుంది. ఆ తెలియడం మీ నోటి నుంచే జరిగితే మంచిది.

సంతకం పెట్టకుండా, ఎన్నిక వస్తే ఓటు వేయడం ఇంకొకటి. ఇందులో పిరికితనం లేదు. అయితే ఇలా అనుకునేవాళ్లు ఎక్కువైతే ఎన్నికే రాదు. డెల్టా విమాన సంస్థలో ఆల్పాను మార్చి సొంత సంఘం తెద్దామని ఒక వర్గం ఏళ్ల తరబడి కార్డులు పోగేసింది, ఎన్నిక దాకా రాలేదు. కాబట్టి సంతకం పెట్టకపోవడమంటే ప్రస్తుతానికి పాత యూనియన్‌ను ఉంచడమే. అది మీకు సమ్మతమేనా అని మీరే చూసుకోవాలి.

నాకు ఎక్కువ నచ్చేది మూడోది, మీ ఇద్దరు మిత్రులూ ఇంకా దాని జోలికి పోలేదు. కార్డుల యుద్ధం లేకుండా, సొంత యూనియన్ బోర్డే ఆల్పాతో కూర్చుని షరతులు మాట్లాడుకుని, సభ్యుల ఓటుతో కలవడం. కాంటినెంటల్ పైలట్ల సొంత సంఘం 2001లో, ఫెడెక్స్ వాళ్లది 2002లో ఆల్పాలో కలిశాయి. కెనడాలో ఎయిర్ కెనడా పైలట్ల సొంత సంఘం కూడా 2023లో సభ్యుల ఓటుతోనే ఆల్పాలో చేరింది. అలా వెళ్లినప్పుడు నిధులు ఏమవుతాయి, కమిటీలు ఎలా నడుస్తాయి, స్వేచ్ఛ ఎంత మిగులుతుంది అన్నవి ముందే కాగితం మీదికి వస్తాయి. మీ కెప్టెన్ నడిపిన మెడికల్ కమిటీని అలాగే ఉంచాలన్నది కూడా ఒక షరతు కావచ్చు. మీ బేస్ ప్రతినిధికి ఒక ఉత్తరం రాసి, 'ఈ అధ్యయనం బోర్డు ఎందుకు చేయకూడదు' అని అడగండి. బోర్డు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాల్సి వస్తుంది, ఆ జవాబు మీ సంతకానికి ఉపయోగపడుతుంది. చివరికి సొంత యూనియనే మేలని తేలొచ్చు కూడా. సౌత్‌వెస్ట్ పైలట్లు 1978 నుంచి సొంత సంఘంతోనే ఉన్నారు, దానితో మంచి ఒప్పందాలు తెచ్చుకున్నారు.

కెప్టెన్‌తో మాట్లాడేటప్పుడు వీడియోనూ, ఓటునూ ఒకే మాటలో కలపొద్దు. "సర్, మీరు లేకపోతే నేనిక్కడ లేను. నా ఆరోగ్యం సంగతి కెమెరా ముందు చెప్పలేను. యూనియన్ గురించి నాకు కొన్ని ప్రశ్నలున్నాయి, మిమ్మల్నే అడగాలనుంది" అనండి. విలీన నిబంధనల ప్రశ్నలు ఆయన ముందే పెట్టండి. ఆయన ఇచ్చే జవాబు బాగుంటే మీ అనుమానాలు తీరతాయి, బాగోకపోతే అదీ తెలుస్తుంది. ఆయనకు కోపం రావచ్చు. ఆ కోపాన్ని తట్టుకునే బలం మీకుందని, మీరు దాటి వచ్చిన ఆ ఏడాది చూస్తే నాకు నమ్మకం. స్నేహితురాలికి, 'ఫలానా తేదీలోగా చెబుతాను, అప్పటిదాకా అడగకు' అని ఒక గడువు ఇవ్వండి. ఊరికే నానబెడితే ఆమె మీ మౌనాన్ని తనకు నచ్చినట్టు చదువుకుంటుంది.

కాక్‌పిట్‌లో మాత్రం కచ్చితంగా ఉండండి. పదివేల అడుగుల లోపు విమానం పనికి సంబంధం లేని మాట నిషేధమన్నది మీకు తెలిసిందే. పైన కూడా, 'ట్రిప్ అయ్యాక కాఫీ తాగుతూ మాట్లాడదాం కెప్టెన్' అని మొదటి రోజే అనేయండి. కిందటిసారి మీ మౌనం ఆయనకు తిరస్కారంలా అనిపించింది. ఈ ఒక్క వాక్యం చెబితే అలా అనిపించదు. ముక్తసరిగా మాట్లాడే ఇద్దరు మనుషులు చెక్‌లిస్ట్ చదవడం యూనియన్ గొడవకంటే పెద్ద సమస్య. మళ్లీ అలాగే జరిగితే యూనియన్‌లోనే దీన్ని చూసే ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ కమిటీ ఉంటుంది, వాళ్లకు చెప్పండి. అది ఫిర్యాదు కిందికి రాదు.

ఇంకొక చిన్న పని. ఎన్నిక ఖరారైతే ఓటు వేసే విధానం, రహస్య నంబర్లు మీడియేషన్ బోర్డు నుంచి మీ ఇంటికి పోస్టులో వస్తాయి. అవి కంపెనీ రికార్డుల్లో ఉన్న చిరునామాకే వస్తాయి. ఈ ఆరేళ్లలో మీరు ఇల్లు మారి ఉంటే, మీరు ఏ వైపు నిలబడ్డా సరే, ముందు ఆ చిరునామా సరిచేయించుకోండి.